పుస్తకాల మూటలో పెట్టిన ఉత్తరం

తిరుపతి,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి పాపకు,

అమ్మ ఆశీర్వదించి రాయునది. దేవుని దయవల్ల ఇక్కడ అందరం బాగుండాము. నాయన మాత్రలు వేళకు వేసుకుంటా ఉండాడు. నీ గొంతు విని ఐదు వారాలయింది. పని ఎక్కువగా ఉంటుందిలే అనుకుంటా ఉండాము.

దేవుని గురించి లోతుగా చెప్పేవి కొన్ని, రాజుల కాలపు ప్రేమకథలు కొన్ని, మంచివి ఏరి పంపమని క్రిస్మసుకు వచ్చినప్పుడు అడిగినావు గదా. ఏడు పుస్తకాలు కట్టినాను. ఆ రెండూ ఒకే నోటితో ఎట్లా అడిగిందే ఈ పిల్ల అని ఎస్తేరత్త అప్పుడే అన్నది. అడగడంలో తప్పేమీ లేదు, నేను చెప్తా ఉండాను. మూట ఆఫీసు అడ్రసుకు వస్తుంది. ముందు హాస్టలు అడ్రసు రాసి కొట్టేసినాను, అట్ట మీద ఆ గీతలు కనిపిస్తే ఏమనుకోవద్దు.

పైనుండేది పాతకాలపు బిషపు అగస్టీను రాసిన కన్‌ఫెషన్స్. దాంతోనే మొదలుపెట్టు. మొత్తం 13 భాగాలు. చాలామంది మొదటి పది పేజీల్లోనే ఆగిపోతారు. జీవితచరిత్ర అనుకొని తెరుస్తారు, తెరవంగానే ఆయన దేవునితో మాట్లాడతా ఉంటాడు. పుస్తకం పొడుగునా ప్రార్థనే అని తెలిసి కూర్చుంటే ఆ ఇబ్బంది ఉండదు. 1 నుంచి 9 దాకా ఆయన కథ. 10 జ్ఞాపకం గురించి, 11 కాలం గురించి, చివరి రెండూ ఆదికాండం మొదటి అధ్యాయం గురించి. తొలిసారి 9 ముగించి పక్కన పెట్టు, నెల పోయినాక 10 తీసుకో. అదే ఊపులో దిగితే కథ ఆగిపోయిందని విసుగు పుడుతుంది. చదివేటప్పుడు మన తెలుగు బైబిలు దగ్గర పెట్టుకో, ఎక్కడ చూసినా కీర్తనల మాటలే తగులుతాయి. అంకెలతో మాత్రం జాగ్రత్త. పాత లాటిన్ బైబిల్లో 9, 10 కీర్తనలు కలిసి ఒకటే, అందుకని మన 23వ కీర్తన వాళ్ళకు 22. కొన్ని అనువాదాలు ఆ పాత అంకెలే వేస్తాయి. మాట కుదరకపోతే ఒక అంకె ముందుకు పోయి చూడు. ఫోన్లో ఊరికే దొరికేది ఎక్కువగా ప్యూసీ 1838లో చేసిన అనువాదం, అందులో ఇంగ్లీషు బాగా పాతది. నేను పెట్టింది హెన్రీ చాడ్విక్ 1991లో చేసింది.

ఐదో భాగం వచ్చినప్పుడు నిదానంగా చదువు. అగస్టీను అప్పటికి కార్తేజి పట్నంలో పాఠాలు చెప్తా ఉండినాడు. అక్కడి పిల్లలు మహా అల్లరి, రోములో పిల్లలు అణకువగా ఉంటారని ఎవరో చెప్పినారు. పోదామనుకున్నాడు. వాళ్ళమ్మ మోనికాకు మొగుడు లేడు, ఉన్న దిగులంతా ఈ కొడుకు గురించే. ఈయన అడ్డదారి మతంలో పడి తొమ్మిదేళ్ళు తిరిగినవాడు. ఆమె ఒక బిషపు దగ్గరికి పోయి మావాడితో మాట్లాడండయ్యా అని ప్రాణం తీసింది. ఆయన విసుక్కొని, పో అమ్మా, ఇన్ని కన్నీళ్ళ బిడ్డ నశించిపోడు అన్నాడు. ఆ మాట మూడో భాగంలో వస్తుంది. కొడుకు ఓడ ఎక్కబోతా ఉండాడని తెలిసి రేవు దాకా వెంటబడింది. ఇంటికి రా, లేకుంటే నన్నూ తీసుకొని పో అని పట్టుకుంది. ఈయన ఏమన్నాడు? నేను పోవడం లేదమ్మా, స్నేహితుడు పోతా ఉండాడు, గాలి అనుకూలించేదాకా వాడికి తోడుంటాను అన్నాడు. పచ్చి అబద్ధం. రేవు పక్కనే సిప్రియాను పేరు మీద ఒక మందిరం ఉంటే, ఆ రాత్రికి అక్కడ ఉండమని ఆమెను ఒప్పించినాడు. ఆమె లోపల ఏడుస్తా ప్రార్థన చేసుకుంటా ఉంటే గాలి తిరిగింది, ఓడ కదిలింది. తెల్లారి ఆమె గట్టున నిలబడి చూస్తే నీళ్ళు తప్ప ఏమీ లేవు. రోముకు పోయి ఆయన ఏం సుఖపడినాడు? దిగంగానే జ్వరంతో చావు దాకా పోయినాడు. అమ్మకు ఆ సంగతి తెలియనే తెలియదు. అక్కడి పిల్లలు అణకువే, కానీ జీతం కట్టే వేళకు అందరూ కూడబలుక్కొని ఇంకో అయ్యవారి దగ్గరికి మారిపోతారు. రెండేళ్ళకు ఆ తల్లే సముద్రం దాటి మిలాను దాకా వెతుక్కుంటా పోయింది. దోవలో తుఫాను వస్తే ఓడవాళ్ళే భయపడినారు, ఆమె వాళ్ళకు ధైర్యం చెప్పింది. 387లో ఆయన బాప్తిస్మం చూసి అదే ఏడు కన్ను మూసింది. ఆమెకు 56వ ఏడు, ఆయనకు 33వ ఏడు.

ఇదంతా పుస్తకంలో ఉంది గాబట్టి రాసినాను. డేవిడ్ మామ కొడుకు పోయిన ఆదివారం సున్నుండలు ఇద్దామని నీ హాస్టలుకు పోయినాడంట. ఆ పిల్ల ఖాళీ చేసి నెల దాటింది అని వార్డెను చెప్పిందంట. వాడు ఇంకెవరి హాస్టలుకో పోయి ఉంటాడని నాయన అంటా ఉండాడు.

రెండోది అతనాసియస్ రాసిన ఆన్ ది ఇన్‌కార్నేషన్. పేరు చూసి భయపడొద్దు, 57 చిన్న ఖండికలు, వారంలో అయిపోతుంది. దేవుడు మనిషిగా ఎందుకు రావాల్సి వచ్చిందనే ఒక్క ప్రశ్న పట్టుకొని పోతాడు. ఈయనా పాతకాలపు బిషపే, నమ్మిన మాట వదలక ఐదుసార్లు తన ఊరి నుంచి వెళ్ళగొట్టించుకున్న మనిషి. దాని ఇంగ్లీషు అనువాదానికి 1944లో ఇంగ్లీషు రచయిత సి.ఎస్. లూయిస్ ముందుమాట రాసినాడు. కొత్త పుస్తకం ఒకటి చదివినాక, పాతది ఒకటి చదవకుండా ఇంకో కొత్తది ముట్టుకోవద్దు, అంత చేతకాకపోతే మూడు కొత్తవాటికి ఒక పాతదన్నా చదువు అంటాడు. ఆ లెక్క పట్టుకో. కొత్త పుస్తకాల్లో ఉండే తప్పులు మన కాలపు తప్పులే గాబట్టి మన కంటికి ఆనవు. లూయిస్‌దే మియర్ క్రిస్టియానిటీ కూడా మూటలో ఉంది. యుద్ధం రోజుల్లో బీబీసీ రేడియోలో మాట్లాడినవి 1952లో పుస్తకం చేసినాడు. చెవికోసం రాసింది, గట్టిగా చదువు. రోజుకు ఒక అధ్యాయం చాలు.

యాత్రికుని ప్రయాణం తెలుగుదే పెట్టినాను. బన్యను బెడ్‌ఫర్డ్ జైల్లో 12 ఏళ్ళు ఉన్నవాడు. 1678లో వచ్చింది మొదటి భాగం, అందులో కథలోని యాత్రికుడు పెళ్ళాంబిడ్డల్ని వదిలి బయల్దేరతాడు. పెళ్ళాంబిడ్డలు వెనకాల పోయేది రెండో భాగం, 1684. చాలా ప్రతుల్లో మొదటిదే ఉంటుంది. రెండోది ఎక్కడన్నా దొరికితే వదలొద్దు, ఆడవాళ్ళ ప్రయాణం అందులోనే ఉంది. జాషువా క్రీస్తు చరిత్ర ఇంట్లోనే ఉంచినాను. పద్యాలు, పక్కన కూర్చొని చదవాలి. వచ్చినప్పుడు చదువుదాము.

ఇంక ప్రేమకథలు. క్వో వాదిస్ 1896 నాటిది, పోలండు రచయిత షెన్‌కేవిచ్ రాసింది. నీరో కాలపు రోము. సైన్యాధికారి వినీషియస్ ఒక క్రైస్తవ పిల్ల లిజియాను బలవంతంగానైనా తెచ్చుకోవాలనుకుంటాడు, ఆ కోరిక ప్రేమగా మారేదాకా కథ. మొదటి ఐదారు అధ్యాయాలు పేర్లు, విందులు, దుస్తులతో కిక్కిరిసి ఉంటాయి, అక్కడే జనం వదిలేస్తారు. వినీషియస్ మేనమామ పెట్రోనియస్ మాటలు పట్టుకొని నడువు, రోము తగలబడేచోటికి వచ్చినాక పుస్తకం కింద పెట్టలేవు. కుదించిన ప్రతులు కొనొద్దు. పేరుకు అర్థం ఎక్కడికి పోతున్నావు అని. రోము వదిలి పారిపోతా ఉండిన పేతురు దోవలో ప్రభువును చూసి అడిగిన మాట. ఆ దారి సంగతి బైబిల్లో లేదు, పేతురు కార్యములు అనే పాత గ్రంథంలోది. బైబిల్లో అదే ప్రశ్న యోహాను 13:36లో ఉంది. ఎక్కడికి పోతున్నావు అని అడగడంలో తప్పేముంది, ప్రేమ ఉంటేనే అడుగుతారు.

అన్నిటికన్నా అడుగున ఉండే లావు పుస్తకం క్రిస్టిన్ లావ్‌రాన్స్‌దాటర్. మూటలో ఒక్కటే మిగలాలంటే దీన్నే మిగులుస్తాను. సిగ్రిడ్ ఉన్‌సెట్ 1920, 21, 22లో మూడు భాగాలుగా రాసింది, 1928లో నోబెల్ వచ్చింది. 14వ శతాబ్దపు నార్వే. నాయన లావ్‌రాన్స్ చూసిన సైమన్ మంచివాడే, క్రిస్టిన్ మాత్రం ఎర్లెండ్‌ను చేసుకుంటుంది. ప్రేమించడం ఆమె తప్పని పుస్తకం ఎక్కడా అనదు పాపా. నాయన దగ్గర దాచింది, ముఖం చూసి అబద్ధం చెప్పింది, అదే ఆమెను మూడు భాగాల పొడుగునా తింటుంది. చివర్లో మహమ్మారి రోజుల్లో పెళ్ళి ఉంగరం తీసి ఇచ్చేస్తుంది. ఉంగరం లోపలి ఎం అక్షరం, మరియమ్మ పేరుది, ఇన్నేళ్ళు ఒత్తుకొని వేలి మీద తెల్లగా అచ్చు పడి ఉంటుంది. ఏ దైవశాస్త్రం పుస్తకమూ క్షమను నాకు అంత దగ్గరగా చూపించలేదు.

టీనా నన్నల్లీ అనువాదమే చదువు. 1920ల నాటిదాంట్లో ఇంగ్లీషు కావాలని పాతబరిచినారు, కొన్ని చోట్ల కోసేసినారు కూడా. పేర్లు తికమక పెడతాయి. లావ్‌రాన్స్‌దాటర్ అంటే లావ్‌రాన్స్ కూతురు, ఇంటిపేరు కాదు. ఒక చీటీ మీద ఎవరు ఎవరి బిడ్డో రాసుకో. వెయ్యి పేజీలు దాటుతుంది, రోజుకు 20 చదివితే రెండు నెలలు. మధ్యకు విరిచి తెరవొద్దు, జిగురు పగిలి కాయితాలు ఊడి వస్తాయి. వీపు బల్ల మీద ఆనించి, ముందట్ట, వెనకట్ట వాల్చి, ముందునుంచి పది కాయితాలు, వెనకనుంచి పది కాయితాలు వేలితో మెల్లిగా నొక్కుకుంటా మధ్యకు రా. చినిగితే సెల్లోటేపు వేయొద్దు, పసుపు తిరిగి కాయితాన్ని తినేస్తుంది. గోడకు ఆనించి పెట్టొద్దు. నువ్వుండే గది గోడకు తేమ ఉందో లేదో నాకు తెలియదు.

నీ స్నేహితురాలు ఇచ్చిందన్న రిడీమింగ్ లవ్ చదువుకో, వద్దనను. ముందు హోషేయ మొదటి మూడు అధ్యాయాలు చదివి, ఆ తర్వాత తెరువు. ఆ హోషేయ కథనే 1850ల కాలిఫోర్నియాకు మార్చి రాసింది. అందులో ఏంజెల్ అనే పిల్ల బాధ నిజంగా ఉంది. ఆమెను చేసుకున్న ఆ మైకేల్ హోషేయలో మాత్రం ఒక్క లోపమూ లేదు. అట్లాంటి మనిషి దొరుకుతాడని చూస్తా కూర్చోవడమూ తప్పే, మామూలు మనిషిని అట్లాంటివాడని నమ్మి చేయి పట్టుకోవడం ఇంకా తప్పు. ఎవరన్నా ఉంటే ఇంటికి పిల్చుకొని రా. నాయన అరవడు. నేను ముందే మాట్లాడి ఉంచినాను.

తెలుగులో ఏకవీర పెట్టినాను. మధుర నాయకుల కాలం. స్నేహితులిద్దరు, ఒకడు ప్రేమించిన పిల్ల ఇంకొకడికి పెళ్ళామవుతుంది. చిన్న పుస్తకమే గాని విశ్వనాథ వాక్యం బరువు, పొద్దున్నే చదువు. బాపిరాజు గోన గన్నారెడ్డి నువ్వే కొనుక్కో, అది పరుగెత్తే పుస్తకం, రుద్రమదేవి కాలం. చరిత్ర నవల ఏది తెరిచినా ముందు వంటిల్లు చూడు. కాకతీయుల కాలంలో ఎవరన్నా మిరపకాయ కొరికినా, శెనక్కాయలు వేయించినా, ఉర్లగడ్డ కూర చేసినా ఆ రచయిత చూసి రాయలేదని అర్థం. అవన్నీ అమెరికా నుంచి వచ్చినవి, పోర్చుగీసు వాస్కో డ గామా కాలికట్ చేరిందే 1498లో, కాకతీయులు పోయినాక. కారానికి అప్పుడు మిరియాలే.

నీకు నిద్ర తక్కువ, పడుకొని చదవొద్దు. రాత్రి పదకొండు దాటితే లైటు ఆర్పు. బెంగళూరు చర్చి స్ట్రీట్ పాత పుస్తకాల అంగళ్ళకు ఒక్కదానివే చీకటి పడినాక పోవద్దు.

హాస్టలు మారినందుకు కోపం లేదు. అద్దె ఎక్కువైందో, అన్నం బాగలేదో, ఏదో ఒకటి ఉంటుంది. అడ్రసు మాత్రం కాయితం మీద రాసి పంపు, ఇంటి నెంబరు, ఎన్నో మిద్దె, పిన్‌కోడు అన్నీ. ఫోన్లో చెప్తే నాయన సగం రాసుకొని సగం మర్చిపోతాడు.

ఇట్లు,
అమ్మ.

నిమ్మకాయ ఊరగాయ సీసా కట్టి పెట్టినాను గాని మూటలో పెట్టలేదు, నూనె కారి పుస్తకాలకు అంటుతుంది. ఆఫీసుకు పంపితే నలుగురిలో నీకు ఇబ్బంది. అడ్రసు వచ్చినాక దాన్ని వేరేగా పంపుతాను.