ఫొటో చూసి పేరు పెట్టకురా

ఒరేయ్ సీనూ,

పాకాల దిక్కు తునికి చెట్టు మీద తీసిన ఫొటోలు చూసిన. పసుపు రెక్కల మీద ఎర్ర పట్టీలు, మస్తుగుంది పురుగు. "అరుదైన జాతేనా?" అని అడిగినవ్. ఫొటోతోని తేలదురా. అది దీపపు పురుగు, అంటే ఆకుల రసం పీల్చే చిన్న దూకుడు పురుగు, లెక్కనే ఉంది; వాటిల్ల రంగును అసలే నమ్మద్దు. మన పత్తి పచ్చదోమనే చూడు, ఎండకాలం పచ్చగుండేది చలికి ఎర్రబారుతది.

ముందుగాల అది దీపపు పురుగేనా చూడు. వెనుక కాలు పొడుగునా ముండ్ల వరుసలుండాలె. దోమపోటు తెచ్చే సుడిదోమకైతే ఆ కాలు చివర కదిలే ముల్లొకటి, పెద్దది, ఉంటది. పది రెట్ల భూతద్దం చాలు.

తరువాత మగది కావాలె. బోర్లించి కడుపు చివర చూడు: గోధుమ రంగు కత్తి లెక్క గుడ్లు పెట్టే అవయవం కనిపిస్తే ఆడది. రెండు చిన్న పలకలే ఉంటే మగది. జాతి తెలిసేది చాలామటుకు మగదాని లోపలి ఏడియాగస్ (జతకట్టే అవయవం) ఆకారంతోనే. పాకాల అభయారణ్యం కాబట్టి అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండ ఒక్కటి కూడ పట్టకు. అనుమతి వస్తే రాత్రి తెల్లదుప్పటి ముందు బల్బు పెట్టు, పేరే దీపపు పురుగాయె! కానీ దీపానికొచ్చినదాంతోని అది ఏ చెట్టుదో తెల్వదు. తునికాకు కింద రెక్కల్లేని పిల్ల పురుగులు దొరికితేనే అది దాని చెట్టని రాయి.

కొన్నిటిని 95 శాతం ఆల్కహాల్‌ల వేసి ఫ్రీజర్ల పెట్టు, డీఎన్ఏకు పనికొస్తయ్. ఆల్కహాల్‌ల రంగు పోతది గనక మిగిలినవి సూదికి గుచ్చిన మూడుమూలల అట్టముక్క కొనకు జిగురుతోని అతికించు.

ఇగ అసలు పని. మగదాని కడుపు విడదీసి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌ల రాత్రంత ఉంచు, లోపలి కండ కరిగి అవయవాలు కనబడతయ్. తొందరుంటే వేడినీళ్ల గిన్నెల ఆ మందు గొట్టం పెట్టి 5–10 నిమిషాలు, కానీ పక్కనే ఉండి చూస్కో. ఎక్కువైతే అంత పారదర్శకమై అంచులే కనబడవు. తక్కువైతే అంటుకున్న కండపోగు ముల్లు లెక్క కనిపించి కొత్త జాతి దొరికిందని గంతులేస్తవ్. చేతులకు గ్లౌజులు, కండ్లకు అద్దాలు మర్చిపోకు. నీళ్లతోని కడిగి, కొంచెం ఎసిటిక్ ఆమ్లం కలిపిన నీళ్లల్ల ముంచి, గ్లిజరిన్‌ల వేసి సన్న సూదులతోని విడదీయి. పక్కనుంచి, వెనుకనుంచి రెండు దిక్కులా బొమ్మ గీయి. కవర్ స్లిప్ (పల్చటి గాజుబిళ్ల) వేసి ఒత్తకు, వంపు మారుతది. ఒకసారి ఒక్క పురుగే. కడుపులు తారుమారైతే తిరిగి కలపలేవు. అయిపోయినంక ఆ అవయవాలను గ్లిజరిన్ బుడ్డిల వేసి అదే పురుగు సూదికి గుచ్చు.

పోల్చేటప్పుడు 1908, 1918 నాటి డిస్టాంట్ (పురుగుల శాస్త్రవేత్త) వర్ణనల మీదనే ఆధారపడకు, ఆయన చూసింది ఎక్కువ పైరూపమే. తర్వాత మగదాని అవయవాలతోని తిరగరాసిన వర్ణనలు చూడు. డీఎన్ఏ బార్‌కోడ్, అంటే జాతిని పోల్చేందుకు చదివే 658 అక్షరాల డీఎన్ఏ ముక్క, ఆడదాన్ని మగదాంతోని జతపరచడానికి పనికొస్తది. కానీ డేటాబేస్‌ల పేరే తప్పుంటే నీకూ తప్పు పేరే వస్తది.

ఏమీ కలవకపోతే బెంగళూరులోని ఎన్‌బీఏఐఆర్‌కు (జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ) నమూనాలు పంపు. చీటీల ఊరు, అక్షాంశ రేఖాంశాలు, తారీఖు, చెట్టు పేరు పెన్సిల్‌తోనే రాయి; బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌ల కరిగిపోతది. మగవి ఎన్ని దొరికినయో నాకు రాయి.

నీ
రవి