పెళ్లి, కులం, కాపురం మీదా పరిశోధన జరగాలి

సంపాదకులకు నమస్కారం.

సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తానంటే "దానికి ఉద్యోగమేం వస్తుంది?" అని నీరుగార్చే ఇళ్లు మన జిల్లాలో చాలానే ఉన్నాయి. అందులోనూ పెళ్లి, కులం, ఇంటి లోపలి సంగతులు పరిశోధనాంశమంటే అదేం చదువంటారు.

1916లో కొలంబియా యూనివర్సిటీ సెమినార్‌లో పాతికేళ్ల అంబేడ్కర్ చదివిన పత్రం సరిగ్గా దీని మీదే. సొంత కులంలోనే పెళ్లి అనే కట్టుబాటే కులాన్ని నిలబెడుతోందని, సతి, బాల్యవివాహాలు, వితంతువుకు మళ్లీ పెళ్లి లేకపోవడం దాన్ని కాపాడేందుకేనని ఆయన వాదించారు. తర్వాతి కాలంలో మానవశాస్త్రవేత్త లీలా దూబే బంధుత్వ వ్యవస్థల్లో ఆడవాళ్ల స్థానమేమిటని ఏళ్ల తరబడి శోధించారు.

మన దగ్గర అడగాల్సిన ప్రశ్నలకు కరువా? భర్త గుజరాత్‌లోని వెరావల్‌లో బోటెక్కితే, ఇక్కడ మత్స్యకార పల్లెలో భార్య పిల్లల ఫీజులు, అప్పుల వడ్డీలు, అత్తగారి మందులు ఒక్కతే చూసుకుంటుంది. సిగ్నల్ దొరికినప్పుడు వచ్చే ఫోనే వాళ్ల కాపురం. ఆ ఇంట్లో చివరి మాట ఎవరిది? మేనరికం వద్దన్న పిల్ల మాట ఎవరైనా వింటున్నారా? ఇవి బయటివాళ్లు వచ్చి రెండ్రోజుల్లో రాసుకుపోయే సంగతులు కావు.

ఎచ్చెర్లలోని మన విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరే పెట్టుకున్నాం. అక్కడా, విజయనగరం కాలేజీల్లోనూ ఇలాంటి అంశాలు ఎంచుకునే విద్యార్థులకు, ముఖ్యంగా అమ్మాయిలకు, ఊళ్లు తిరగడానికి ఫెలోషిప్పులు, వెన్నంటి ఉండే గైడ్లు దక్కేలా ప్రభుత్వం చూడాలి. వాళ్లు రాసింది తెలుగులోనూ అచ్చు కావాలి.

– ఒక డిగ్రీ అధ్యాపకురాలు, శ్రీకాకుళం