పిల్లలు పక్కనే ఉన్నారు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మొన్నటి సమావేశంలో ఒకమ్మ నా ఎదురుగా కూర్చుని, "వీడికి లెక్కలు రావు మేడమ్. మా ఇంట్లో ఎవరికీ రావు" అన్నారు. కోపంగా కాదు, దిగులుగానే అన్నారు. అబ్బాయి పక్కనే ఉన్నాడు. నోట్ పుస్తకం అట్ట మీది లేబుల్‌ను గోటితో గీకుతూ కూర్చున్నాడు. మా మాటలు అయ్యేసరికి సగం లేబుల్ ఊడిపోయింది.

ఆ వారమే అంగడిలో ఆ అబ్బాయి, వాళ్ల నాన్న అమ్మే కూరగాయల దగ్గర కనిపించాడు. టమాటా కిలో 40. ముప్పావు కిలోకు 30, అరకిలో వంకాయలకు ఇంకో 30, కొత్తిమీర 10. నేను సంచీ సర్దుకునేలోపే ఇచ్చిన వందకు 30 తిరిగి నా చేతిలో పెట్టాడు. తరగతిలో నాలుగింట మూడు వంతులు అనగానే పెన్ను కింద పెట్టేసేది ఈ పిల్లాడే!

లెక్కల మాస్టారికి చెప్పాను. ఆయన మర్నాడు బోర్డు మీద భిన్నాలకు బదులు టమాటా ధరలు రాసి, వాణ్ణే పిలిచారు. ఒక్క రోజులో అంతా మారిపోలేదు. మొదటి ఎఫ్‌ఏ పరీక్షలో 20కి 6 వచ్చాయి, రెండోదాంట్లో 11. నాకు సంతోషం కలిగించింది ఆ 11 కాదు. ఈసారి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదల్లేదు.

పిల్లలకు నేను తరచూ మాలావత్ పూర్ణ సంగతి చెబుతుంటాను. నిజామాబాద్ జిల్లా పాకాలలో గిరిజన కుటుంబంలో పుట్టి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న అమ్మాయి. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, 8,848 మీటర్ల ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్ కుమార్ అనే గురుకుల విద్యార్థి కూడా ఆ బృందంలో శిఖరం చేరాడు. వాళ్ల చేత ముందు ఎక్కించింది మన భువనగిరి గుట్ట. ఆ తర్వాతే డార్జిలింగ్, లదాఖ్ చలిలో శిక్షణ. ఎక్కిన గుట్ట ఇచ్చిన ధైర్యంతోనే తర్వాతి కొండ వైపు చూడగలరని నా నమ్మకం.

గుట్ట ఎక్కేటప్పుడు కింద ఒకరు తాడు పట్టుకుని నిలబడతారు. జారితే ఆపుతారు, పైకి మాత్రం లాగరు. ఇంట్లో ఈ తేడా పాటించడం కష్టమే. ప్రాజెక్టు చార్టులు కొన్ని మీ చేతిరాతతో వస్తున్నాయి, మాకు తెలిసిపోతుంది. వంకర అక్షరాలున్నా పిల్లలనే రాయనివ్వండి. అలాగే "నువ్వే ఫస్ట్ రావాలి" అని రోజూ వినే ఒక పాప 20కి 19 వచ్చాయని స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర ఏడ్చింది. ఆ పాపను ఊరుకోబెట్టడానికి ఒక పీరియడ్ పట్టింది.

వచ్చే సమావేశంలో ముందు పిల్లలే తమ నోట్ పుస్తకాలు మీకు చూపిస్తారు. వచ్చింది ఏమిటో, ఎక్కడ ఆగిపోయారో వాళ్ల నోటితో చెబుతారు. అంతవరకూ మేమూ మాట్లాడం, మీరూ ఆగండి.

వచ్చే నెల ఎనిమిదో తరగతి పిల్లలను అదే భువనగిరి గుట్ట మీది కోటకు తీసుకెళ్తున్నాం. మెట్ల దారినే ఎక్కుతాం, ఇద్దరు వ్యాయామ టీచర్లు వెంట ఉంటారు. అనుమతి పత్రం శుక్రవారంలోగా పంపండి. కాలికి పట్టే బూట్లు, నీళ్ల సీసా తప్పనిసరి. సంచీ మాత్రం వాళ్లనే సర్దుకోనివ్వండి.

మీ
ప్రధానోపాధ్యాయిని