బేగంపేటకు ఒక ఆవ్రో కావాలి

సంపాదకులకు నమస్కారం.

రఫేల్ యుద్ధవిమానాలు మన దేశంలో దిగిన రోజున పత్రికలన్నీ మొదటి పేజీలో పెద్ద బొమ్మ వేశాయి. వెయ్యాల్సిందే. ఈ మధ్య వాయుసేనలో సి-295 రవాణా విమానాలు చేరుతున్న వార్త మాత్రం లోపలి పేజీలో ఒక మూల కనిపించింది. దాని చివరి వాక్యం, ఇవి పాతబడిన ఆవ్రో రవాణా విమానాల స్థానంలో వస్తున్నాయి అని. అంతే. అరవై ఏళ్లు బరువులు మోసినదానికి ఒక్క వాక్యం దక్కింది. ఆ వాక్యం గురించే ఈ ఉత్తరం.

నేను పైలట్‌ని కాను. వాయుసేనలో పనిచేసినవాణ్నీ కాను. బోయినపల్లిలో పెరిగినవాణ్ని, అదే నాకున్న అర్హత. మా బడి మేడ మీంచి చూస్తే బేగంపేటలో లేచే విమానాలూ దిగే విమానాలూ కనిపించేవి. కనిపించక ముందే వినిపించేది ఆవ్రో. దాని రోల్స్ రాయిస్ డార్ట్ ఇంజన్ల మోత పిండిమర రొదకీ ప్రెషర్ కుక్కర్ ఈలకీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఆ ఈల తగ్గేదాకా మా లెక్కల మాస్టారు చాక్‌పీసు గాల్లోనే పట్టుకుని నిలబడేవారు. పక్కన కూర్చున్నవాడితో నేను గుసగుసగా "ఆవ్రో" అనేవాణ్ని. పందెం ఎప్పుడూ ఓడిపోలేదు.

అందమైన విమానం కాదు. ఇంజన్ రెక్క మీదికి లేచి ఉంటుంది, చక్రాలు దాచుకునే గూడు రెక్క కిందికి దిగి ఉంటుంది. పక్కనుంచి చూస్తే పంటినొప్పితో దవడ వాచిన మనిషిలా ఉంటుంది. అయినా కాకిపిల్ల కాకికి ముద్దు. నాలాంటి కాకులు ఈ జంటనగరాల్లో చాలామందే ఉన్నారని నాకు తెలుసు.

దీనికి పుట్టు ఇంగ్లండ్ అయినా పెంపకం కాన్పూరు. మనవాళ్లు అక్కడ కూర్చిన మొదటి ఆవ్రో 1961 నవంబరు 1న ఎగిరింది. అంతకు ఏడాది ముందు కన్నుమూసిన వాయుసేనాధిపతి సుబ్రతో ముఖర్జీ జ్ఞాపకంగా దానికి ‘సుబ్రతో’ అని పేరు పెట్టారు. అప్పటికి దేశం సొంతంగా ప్రయాణికుల విమానం తయారుచెయ్యడమన్నది కొత్త. ఆ తర్వాత వాయుసేనకీ, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కీ కలిపి 89 తయారయ్యాయి. పెద్దమనుషుల్ని తిప్పింది, జవాన్లని మోసింది, నావిగేటర్లకు ఆకాశంలో దారి పట్టుకోవడం నేర్పింది. గాడిద చాకిరీ అంటామే, అది.

బరువులు మోసే విమానాలన్నీ ఇలా వికారంగానే ఎందుకుంటాయని మా తమ్ముడు అడుగుతాడు. వికారం కాదురా, పని అంటాను. వెనకనుంచి జీపు ఎక్కించాలంటే తోక అడ్డం రాకూడదు, అందుకే మన వాయుసేన ఒకప్పుడు వాడిన ప్యాకెట్ రవాణా విమానానికి తోకని రెండు దూలాల మీద పెట్టి మధ్యలో డబ్బాలాంటి ఒళ్లు పెట్టారు. అమెరికావాళ్లు దాన్ని ఎగిరే గూడ్సు పెట్టె అని ఊరికే అనలేదు. లద్దాఖ్ ఎత్తుల్లో గాలి పల్చనై రెండు ఇంజన్లూ ఆయాసపడుతుంటే, మనవాళ్లు దాని నడినెత్తిన మరో జెట్ ఇంజన్ బిగించారు. ఇంతకన్నా అందవిహీనమైన ఏర్పాటు నేను చూడలేదు, ఇంతకన్నా తెలివైనదీ చూడలేదు. ఆ ప్యాకెట్టే 1962 జులైలో లద్దాఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీలో దిగింది, పదహారు వేల అడుగులకు పైన. మన వాయుసేన మరో రవాణా విమానం ఏఎన్-32ని చూడండి, ఇంజన్లు రెక్క మీద మూటలు పెట్టినట్టుంటాయి. అంత పెద్ద ప్రొపెల్లర్లు ఒంటికీ నేలకీ తగలకుండా తిరగాలంటే వేరే దారి లేదు.

ఇక లిబరేటర్ సంగతి. నన్ను ఈ ఉత్తరం రాయడానికి కూర్చోబెట్టింది నిజానికి ఇదే. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఈ నాలుగు ఇంజన్ల బాంబర్లని కాన్పూరులో వదిలేసి పోయారు. మళ్లీ ఎవరికీ పనికిరాకుండా కావాలనే పాడుచేసి మరీ పోయారు. మన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు ఆ తుక్కులోంచి 40కి పైగా విమానాల్ని ఎగరగలిగేంత మట్టుకు అతుకులేసి, బెంగళూరు దాకా ఎగరేసుకుపోయి, అక్కడ పూర్తిగా బాగుచేశారు. వాయుసేన వాటిని 1968 దాకా వాడింది. అప్పటికి ప్రపంచంలో మరే సైన్యమూ లిబరేటర్లు నడపడం లేదు. మనం పక్కన పెట్టగానే ఏమైంది? విదేశాల మ్యూజియంలు వరస కట్టాయి. ఇవాళ బ్రిటన్‌లో, కెనడాలో, అమెరికాలో జనం టిక్కెట్టు కొనుక్కుని చూస్తున్న లిబరేటర్లలో కొన్ని మన దగ్గర నుంచి వెళ్లినవే. అమెరికాలో ఒకదాన్ని బాగుచేసి 1989లో మళ్లీ ఎగరేశారు కూడా. మనకి ఢిల్లీ పాలంలో ఒకటి మిగిలింది.

డకోటా కథ ఇంకొంచెం తమాషా. మన వాయుసేనలో ఏళ్ల తరబడి తిరిగిన రకం రవాణా విమానం. ఎగిరేది ఒకటి ఉంచుకుందామనుకునేసరికి బ్రిటన్‌లో తుక్కు కింద పడి ఉన్నదాన్ని అప్పటి ఎంపీ రాజీవ్ చంద్రశేఖర్ కొని, బాగుచేయించి ఇవ్వాల్సి వచ్చింది. ఆయన తండ్రి డకోటా పైలట్. ‘పరశురామ’ పేరుతో అది 2018లో వచ్చింది. సంతోషమే. కానీ ఇంట్లో గిన్నెలు పాతసామాన్ల వాడికి వేసి, తర్వాత సంతలో అదే గిన్నె కొనుక్కొచ్చినట్టు లేదూ?

అలాగని అంతటా ఇలాగే జరిగిందనను. విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 ఉంది. రష్యన్ బేర్ బాంబర్ వంశంలోది, జలాంతర్గాముల్ని వెతకడానికి మన నౌకాదళం 1988 నుంచి వాడింది. 2017లో అరక్కోణంలో సెలవు తీసుకుని విశాఖలో దిగితే, విప్పి, రోడ్డు మీద మోసుకొచ్చి, మళ్లీ బిగించి అదే ఏడాది డిసెంబరులో జనానికి తెరిచారు. కిందటి వేసవిలో అక్కడికి మా అత్తగారిని తీసుకెళ్లాను. ఆవిడ విమానం ఎక్కింది ఒక్కసారే, అదీ కళ్లు మూసుకుని. దీని కింద నిలబడి, "ఇదేంటి నాయనా, ఒక్కో దానికి రెండేసి పంకాలు!" అన్నారు. నిజమే, ప్రతి ఇంజన్‌కీ ఒకదాని వెనక ఒకటి ఎదురెదురుగా తిరిగే రెండు ప్రొపెల్లర్లు. మా మనవరాలు ఆ పంకాల రెక్కలన్నీ లెక్కపెట్టి 32 అని తేల్చింది. వెళ్దాం పదండంటే ఇద్దరూ కదలరు. ఎదురుగా సముద్రం ఉంది, అయినా వీళ్లు చూస్తున్నది విమానాన్ని.

రెండో రకం కూడా చూశాను. ఊరి పేరు అనవసరం. ఒక విద్యాసంస్థ ఆవరణలో గేటు పక్కన పాత విమానం ఒకటి ఉంది. టైర్లు నేలలో కూరుకుపోయాయి, అద్దం పగిలింది, తోక మీద హాస్టల్ ప్రకటన అంటించారు. దగ్గరికి వెళ్లబోతే వాచ్‌మన్ ఆపాడు. "లోపలికి పోకండి సార్, కుక్క పిల్లల్ని పెట్టింది, కరుస్తది." ఏ విమానమని అడిగితే, నేను వచ్చినప్పటినుంచీ ఇక్కడే ఉంది అన్నాడు. తెచ్చి నిలబెట్టినవాళ్లు ఒక్క బోర్డు రాయించి ఉంటే సరిపోయేది.

నేను అడిగేది చిన్నదే. ఆవ్రోలు తప్పుకుంటున్నప్పుడు ఒకదాన్ని బేగంపేటకు ఇవ్వండి. 2008లో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాక అక్కడ చోటుకు కరువేం లేదు. వింగ్స్ ఇండియా ప్రదర్శనలు కూడా అక్కడే జరుగుతున్నాయి, కొత్త విమానాల కోసం వచ్చే జనం పాతదాన్నీ చూస్తారు. సి-295 భాగాలు కొన్ని మన హైదరాబాద్‌లోనే తయారై, విమానాన్ని కూర్చే వడోదరకు వెళ్తున్నాయి కాబట్టి, వచ్చేదానితోనూ మనకు చుట్టరికం ఉంది. ఇందుకు రాష్ట్ర ప్రభుత్వం రక్షణశాఖకు ఒక లేఖ రాస్తే చాలు, అదీ ఆలస్యం కాకుండా.

ఇచ్చేటప్పుడు స్తంభం మీదికి ఎక్కించకండి. కూడళ్లలో ముక్కు పైకెత్తి నిలబెట్టే పద్ధతి యుద్ధవిమానానికి నప్పుతుంది గానీ, ఆవ్రోని అలా పెడితే బస్సుని చెట్టెక్కించినట్టుంటుంది. నేల మీదే, పైన రేకుల కప్పు వేసి, తలుపు తెరిచి పెట్టండి. సైనిక్‌పురిలో, అల్వాల్‌లో పింఛను తీసుకుంటూ కూర్చున్న మాజీ వాయుసేనవాళ్లలో వీటిని నడిపినవాళ్లూ, రెంచీ పట్టి బాగుచేసినవాళ్లూ ఉంటారు. వారానికి ఒక పూట వచ్చి పిల్లలకు చెప్పమంటే కాదనరని నా నమ్మకం. ఆ ఈలని కూడా ఎవరైనా రికార్డు చేసి లోపల వినిపిస్తే, నేను ఫ్రీ పాసు అడగకుండా నెలకోసారి టిక్కెట్టు కొనుక్కుని వస్తాను.

మెట్లకి మాత్రం పట్టుకోవడానికి గట్టి కడ్డీ పెట్టించండి. మా అత్తగారు కూడా వస్తానంటున్నారు.

— ఒక పాఠకుడు, బోయినపల్లి, సికింద్రాబాద్