బర్న్స్ వార్డుకు వెళ్తున్న అమ్మాయికి

చిట్టితల్లీ,

వచ్చే వారం నుంచి నీ హౌస్‌సర్జన్సీ బర్న్స్ వార్డులో అన్నావు. మంట ఆరిపోయాక గంటలు జారిపోవడం వల్లే అక్కడ చాలామందిని పోగొట్టుకుంటాం. అందుకే ఇదంతా రాస్తున్నాను.

రోగి రాగానే ముందు మాట్లాడించు. గొంతు బొంగురుపోయినా, ముక్కులో వెంట్రుకలు కమిలినా, కళ్లెలో మసి కనిపించినా వెంటనే అనస్థీషియా వాళ్లను పిలిపించు. తలుపులు మూసిన గదిలో కాలినవాళ్లయితే మరీ జాగ్రత్త. లోపల వాపు గంటగంటకూ పెరుగుతుంది. ఇప్పుడు శ్వాసనాళంలోకి సులువుగా దిగే ట్యూబు సాయంత్రానికి దిగదు. గాజులు, ఉంగరాలు, మెట్టెలు, మొలతాడు అప్పుడే తీయించు.

తర్వాత ‘ఎన్నింటికి కాలింది?’ అని అడుగు. సెలైన్ లెక్క కాలిన క్షణం నుంచే మొదలవుతుంది. అడ్మిషన్ టైము చూసి వేస్తే తప్పిపోతావు. పార్క్‌లాండ్ లెక్క అంటే 4 మి.లీ. × బరువు కిలోల్లో × కాలిన శాతం. 50 కిలోల మనిషికి ఒంట్లో 30 శాతం కాలితే 4×50×30, అంటే 6000 మి.లీ. రింగర్ లాక్టేట్ అనే సెలైన్. సగం మొదటి 8 గంటల్లో, మిగతాది తర్వాతి 16 గంటల్లో. ఊరి నుంచి 3 గంటలు ఆలస్యంగా వచ్చారనుకో, ఆ 3000 మి.లీ. 5 గంటల్లోనే ఎక్కాలి, అంటే గంటకు 600. దారిలో ఎక్కించింది ఉంటే ఆ లెక్కలోంచి తీసెయ్. మీ యూనిట్‌లో 4కు బదులు 2 మి.లీ.తో మొదలుపెట్టే పద్ధతి ఉంటే అదే పాటించు. ఏ లెక్కయినా మొదలుపెట్టడానికే, ఆపైన నిన్ను నడిపించాల్సింది యూరిన్ బ్యాగ్. పెద్దవాళ్లకు గంటకు కిలోకు అర మి.లీ., పిల్లలకు 1 మి.లీ. రావాలి. అంతకు మించి పోయిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, పొట్ట బిగుసుకుంటుంది.

శాతం దగ్గరే ఎక్కువ తప్పులు. ఉత్తగా ఎర్రబారిన చర్మాన్ని కలపకు. వేళ్లతో సహా రోగి అరచేయి 1 శాతం, నీ అరచేయితో కొలవకు. పెద్దవాళ్ల తల 9 శాతమైతే పసివాళ్లది 18. పసుపు, టూత్‌పేస్టు, సిరా పూసి తెస్తారు, అవి కడగకుండా లోతు చెప్పకు. కాలి 3 గంటలు దాటకపోతే 20 నిమిషాలు కుళాయి నీళ్లు ఇంకా మేలు చేస్తాయి. ఐసు మాత్రం వద్దు. పిల్లలయితే మిగతా ఒళ్లు కప్పి ఉంచు. నొప్పి లేదన్నచోట ఇంకా జాగ్రత్తగా చూడు, నరాలతో సహా కాలి ఉంటుంది.

ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు వేస్తూ షాక్ కొట్టిన రైతుకు పైన చిన్న రంధ్రమే కనిపిస్తుంది, లోపల కండంతా చచ్చిపోయి ఉంటుంది. ఆ శాతాన్ని నమ్మకు. ఈసీజీ తియ్యి. మూత్రం డికాక్షన్ రంగులో ఉంటే కిడ్నీల కోసం సెలైన్ పెంచాలి.

60 శాతం కాలినవాళ్లు కూడా మొదటి రోజు స్పష్టంగా మాట్లాడతారు, ఇంటివాళ్లు గండం గడిచిందనుకుంటారు. ఇన్ఫెక్షన్ ముప్పు ముందుందని ఆ రోజే చెప్పు. ముందుజాగ్రత్త యాంటీబయాటిక్ దాన్ని ఆపదు. ఒక్కో మంచానికీ చేతులు కడుక్కోవడం, లోతుగా కాలిన చర్మాన్ని మొదటి వారంలోనే తీసి గ్రాఫ్ట్ (వేరేచోటి చర్మం అతికించడం) వేయడం ఆపుతాయి.

కొత్త కోడలు ‘స్టవ్ పేలింది’ అంటే అత్తవారిని బయటికి పంపి మళ్లీ అడుగు. మేజిస్ట్రేటు వాంగ్మూలం తీసుకునేటప్పుడు ఆమె తెలివిలో ఉందో లేదో నువ్వే పరీక్షించాకే సంతకం పెట్టు. నొప్పి మందు ఎప్పుడిచ్చారో రాయి, కానీ వాంగ్మూలం చెల్లదేమోనన్న భయంతో మందు ఆపకు.

పప్పు తింటే చీము పడుతుందని పత్యం పెడతారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. కాలిన ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. 50 కిలోల మనిషికి రోజుకు 75 నుంచి 100 గ్రాముల ప్రోటీన్ కావాలి. గుడ్డుకు వచ్చేది 6 గ్రాములే. గుడ్లు, పప్పు, పాలు, మాంసం అన్నీ పెట్టమని అమ్మమ్మలకు ఓపిగ్గా చెప్పు.

మెడ కాలితే తలగడ తీసెయ్. చంక కాలితే చేయి పక్కకు చాపి ఉంచు. వేళ్లు కదలకుండా నిలిపే స్ప్లింట్ (బద్ద) వెయ్యి. రోగికి హాయిగా ఉండే భంగిమలోనే కీలు బిగుసుకుపోతుంది. గ్రాఫ్ట్ మానాక ప్రెషర్ గార్మెంట్ (మచ్చను నొక్కిపట్టే బిగుతు తొడుగు) రోజుకు 23 గంటలు వేసుకోవాలి, మచ్చ మెత్తబడేదాకా ఏడాది, అంతకు పైన కూడా. దురద తగ్గగానే చాలామంది తీసేస్తారు. అందుకే ఆ తొడుగు కొలతల తారీఖు, ఫిజియోథెరపీ తారీఖు డిశ్చార్జి కాగితం మీదే రాసివ్వు.

నాన్న