పావుగంటలో గట్టిపడేది రెజిన్, ఓడ కాదు

సంపాదకులకు,

అయ్యా,

చిన్న ఓడల నమూనాల తయారీ మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చూసి, విశాఖలో ఇదే పనిలో ఉన్న మా బోటివాళ్లం సంతోషించాం. అయితే రెండు సీసాల రెజిన్, అంటే కలిపితే గట్టిపడే ద్రవ ప్లాస్టిక్, కలిపి అచ్చులో పోస్తే పావుగంటలో ఓడ చేతికొచ్చేస్తుందన్నట్టుగా అందులో రాశారు. అది నమ్మి సీసాలు కొన్నవాళ్లకు మన ఊళ్లో దక్కేది చాలాసార్లు నురగ తేలి, వేలికి అంటుకునే ముద్ద. పావుగంటలో గట్టిపడే రెజిన్ ఉన్నమాట నిజమే. దానికి ముందు కొన్ని వారాల చెక్కుడు పని ఉంది, పోసే రోజున మన సముద్రపు గాలితో పేచీ ఉంది. ఆ రెండూ చెప్పకపోతే కొత్తవాళ్లు మొదటి సీసాతోనే మానేస్తారు.

ముందు కొలతల సంగతి. ఈ సరదాలో ఎక్కువగా నడిచేవి రెండు స్కేళ్లు, అంటే అసలు ఓడను ఎన్నోవంతుకు తగ్గించామన్న లెక్కలు. జపాన్ కంపెనీల వాటర్‌లైన్ కిట్లతో (నీటిమట్టానికి పైభాగం మాత్రమే ఉండే ఓడల విడిభాగాల పెట్టెలతో) 1971 నుంచి వ్యాపించింది 1:700. జర్మనీలో పాతుకుపోయింది 1:1250. మన బీచ్ రోడ్డు మీది ఐఎన్‌ఎస్ కుర్సురా జలాంతర్గామి పొడవు 91.3 మీటర్లు, వెడల్పు 7.5 మీటర్లు. 1:700లో అది 130 మి.మీ. పొడవు, 10.7 మి.మీ. వెడల్పు. 1:1250లో 73 మి.మీ., 6 మి.మీ. అంటే అగ్గిపెట్టె మీద పెడితే కాస్త బయటికి వస్తుంది, అంతే. నిలబడ్డ మనిషి 1:700లో రెండున్నర మిల్లీమీటర్ల లోపే. మామూలు జిరాక్స్ కాగితం మందం సుమారు 0.1 మి.మీ.; అదే 1:700లో ఏడు సెంటీమీటర్ల రేకుతో సమానం. డెక్కు అంచున కాగితం అతికించినా అసలు ఓడ రేకు కన్నా దళసరిగానే ఉంటుందన్నమాట. అందుకని ఈ స్కేళ్లలో ఏది చెయ్యాలన్నదాని కన్నా ఏది వదిలెయ్యాలన్నది ముందు తేల్చుకోవాలి.

మొదటి ఓడగా కుర్సురానే ఎంచుకోమంటాం. 1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరిన ఈ సోవియట్ ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గామి 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. నీళ్లలో సగం దాక్కున్న ఓడలా కాదు, దీని ఆకారం అడుగుదాకా కనబడుతుంది. తాళ్లూ క్రేన్లూ లేవు. ఒక విడి గోపురం, ఒక పొడవాటి ఒళ్లు. ఫొటోలు తీసుకోవడానికి మ్యూజియం ఓడలు చాలు. డాక్‌యార్డు, నేవీ ప్రాంతాల వైపు కెమెరా తిప్పడం నిషేధమని పిల్లలకు ముందే చెప్పాలి.

మాస్టర్, అంటే అచ్చు తీయడానికి చేసే మొదటి ఓడ, చెక్కతో చేయొచ్చు, ప్లాస్టిక్‌తో చేయొచ్చు. చెక్కయితే ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్రను మించింది మనకు దగ్గరలో లేదు. మెత్తన, పోగు సన్నన, చాకు మాట వింటుంది. కాకపోతే ప్రైమరు రెండు మూడు పూతలు వేసి గీరకపోతే చెక్క పోగు అచ్చుకు వాడే రబ్బరులాంటి సిలికాన్‌లో అచ్చుపడి ప్రతి పోతలోనూ కనబడుతుంది. ఈ స్కేల్లో ఆ గీతలు ఓడ మీద కాలవల్లా ఉంటాయి.

ప్లాస్టిక్‌తో పద్ధతి ఇది. 1 మి.మీ. హెచ్ఐపీఎస్ (గట్టి పాలీస్టైరీన్ ప్లాస్టిక్) షీటు మీద ఓడ పక్క ఆకారాన్ని ఒక పలకగా, పై నుంచి చూసిన ఆకారాన్ని ఇంకో పలకగా కోయాలి. పై ఆకారం పలకను నిలువునా రెండుగా చీల్చి, మధ్యలో పోయే 1 మి.మీ. తీసేసి, పక్క పలకకు అటూ ఇటూ అతికించాలి. ఎటు కోసి చూసినా కూడిక గుర్తులా ఉంటుంది. ఆ నాలుగు మూలల్లో ఎం-సీల్ నింపి, ఒక రోజు వదిలేసి, 220, 400, 600 నంబర్ల వాటర్ పేపరుతో తడిపి గీరాలి. తెల్ల ప్లాస్టిక్ అంచు కనబడగానే చెయ్యి ఆపెయ్యాలి. ఆ అంచే కొలబద్ద. రెండు పక్కలా ఒకేలా రావడానికి ఇంతకంటే నమ్మకమైన దారి మాకు తెలియదు. పుట్టీని పొరలుపొరలుగా పెట్టాలి. ఒకేసారి ముద్దగా కుక్కితే లోపల గాలి మిగిలి, చివరి గీరుడులో గుంట బయటపడుతుంది.

పై పొట్టుకు ఇరుపక్కలా నీళ్లు పారే రంధ్రాల వరుస ఉంటుంది. వాటిని సూది మొనతో పైపైన గుచ్చి వదిలెయ్యాలి. లోతుగా గుచ్చితే సిలికాన్ వాటిలోకి దూరి సన్నటి ముళ్లలా తయారవుతుంది. నాలుగైదు పోతలకే ఆ ముళ్లు తెగిపోయి రంధ్రాలు పూడిపోతాయి. గోపురాన్ని విడిగా చెయ్యాలి, విడిగా పోయాలి. ఒంటికి అతికించి అచ్చు తీస్తే ఆ మూలలో బుడగ చిక్కుకోవడం ఖాయం. పెరిస్కోపులు, మాస్టులు, పెద్ద ఓడలైతే ఫిరంగి గొట్టాలు, వీటిని రెజిన్‌తో పోయాలని చూడటమే దండగ. కరెంటు వైరు లోపలి రాగి పోగులు, 0.3 మి.మీ. ఇత్తడి తీగ, 31 గేజి ఇన్సులిన్ సూది గొట్టం (బయటి కొలత సుమారు 0.25 మి.మీ.) ఉండగా మెత్తబడి వంగిపోయే రెజిన్ పుల్ల ఎందుకు?

అచ్చుకు కొత్తవాళ్లు టిన్ రకం (తగరపు సమ్మేళనంతో గట్టిపడే) సిలికాన్ కొనుక్కోవడం మేలు. ప్లాటినం రకం కొలత చెడకుండా ఎక్కువ కాలం ఉంటుంది కానీ దానికి చాలా వస్తువులు పడవు. గంధకం ఉన్న మట్టి తగిలినా, రబ్బరు గ్లౌజులు తగిలినా, సరిగా ఆరని 3డి ప్రింటు తగిలినా ఆ మేర గట్టిపడకుండా జిగురుగా మిగిలిపోతుంది. మాస్టర్ పాడైందని తెలిసేది అచ్చు విప్పాకే. టిన్ రకానికి ఈ బాధ తక్కువ. కాలం గడిచేకొద్దీ కొంచెం కుంచించుకుపోతుంది, వాడకపోయినా కొన్నేళ్లకు పెళుసెక్కుతుంది.

130 మి.మీ. కుర్సురాకు పెట్టె లోపలి కొలత 150, 30, 30 మి.మీ. చాలు. మాస్టర్ పోను సుమారు 125 ఘనపు సెంటీమీటర్లు, ఒలికేదానితో కలిపి 160 గ్రాముల సిలికాన్. పూర్తి ఒళ్లు కాబట్టి రెండు ముక్కల అచ్చు కావాలి. మాస్టర్‌ను సగం లోతుకు మట్టిలో పొదిగి, చుట్టూ పెన్సిల్ వెనక భాగంతో నాలుగైదు గుంటలు నొక్కి, 80 గ్రాములు పోయాలి. గట్టిపడ్డాక తిరగేసి, మట్టి తీసి, సిలికాన్ ముఖమంతా వాసెలిన్ పలచగా రుద్ది రెండో 80 గ్రాములు పోయాలి. వాసెలిన్ ఎక్కడ తప్పితే అక్కడ రెండు సగాలూ ఒకటైపోతాయి, ఇక చాకుతో కోసుకోవడమే. సిలికాన్ గట్టిపడటానికి కలిపే క్యాటలిస్టు సాధారణంగా బరువులో 2 నుంచి 5 శాతం. డబ్బా మీద 3 అని ఉంటే 80 గ్రాములకు 2.4 గ్రాములు. కంటి చూపుతో చుక్కలు వేస్తే లాభం లేదు, బంగారం తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా కావాలి. త్వరగా అవ్వాలని క్యాటలిస్టు పెంచితే అచ్చు ఆయుష్షు తగ్గుతుంది. ముందు కుంచెతో మాస్టర్ అంతటా పలచగా పూసి, తర్వాత పెట్టె ఒక మూల నుంచి, జానెడు ఎత్తున, దారంలా సన్నగా పోస్తే బుడగలు దారిలోనే పగిలిపోతాయి. విప్పిన అచ్చులో వెంటనే పోత పోయకూడదు. టిన్ సిలికాన్ గట్టిపడేటప్పుడు ఆల్కహాల్ వదులుతుంది. కనీసం ఇంకో రోజు గాలికి పెట్టకపోతే ఆ ఆవిరికి పోత పైపొర జిగటగా మిగులుతుంది.

ఇక రెజిన్. వ్యాసంలో చెప్పిన పావుగంట రకం పాలీయురెథేన్. ఇందులో ఐసోసయనేట్ అనే రసాయనం ఉన్న సీసాకు తేమ తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. నురగ అదే. కలిపేటప్పుడు గాలి చేరిందనుకుని చాలామంది నెమ్మదిగా కలుపుతారు, దాంతో సరిగా కలవక ఇంకో తప్పు తోడవుతుంది. బుడగలు రెజిన్ పోసిన వెంటనే కనిపిస్తే అది గాలి. గట్టిపడే సమయానికి పొంగితే అది తేమ. మన ఊళ్లో తేమ ఎక్కడెక్కడ దాక్కుంటుందో చూడండి: ఐస్‌క్రీం పుల్లలో, పేపర్ కప్పులో, కడిగి సరిగా ఆరబెట్టని అచ్చులో, మూత తీసి పెట్టిన సీసాలో. స్టీలు చెంచా, మందు సీసాలతో వచ్చే ప్లాస్టిక్ మూతకప్పులు వాడాలి. అచ్చును బల్బు కింద అరగంట వెచ్చబెట్టి పోయాలి. దీనికి ఇంకో లాభం కూడా ఉంది: గోపురం లాంటి చిన్న ముక్కల్లో రెజిన్ కొద్దిగానే ఉంటుంది కాబట్టి తన వేడి తనకు చాలదు, చల్లని అచ్చులో మెత్తగా ఉండిపోతుంది. సీసాల మూతలు వెంటనే బిగించి, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో దాచాలి. ఎండాకాలంలో కలిపాక దొరికే సమయం రెండు నిమిషాలకు పడిపోతుంది. అలాగని ఫ్రిజ్‌లో పెట్టి వెంటనే మూత తీస్తే సీసా లోపలే చెమ్మ పడుతుంది. తేమమీటరు 60 శాతం దాటితే పోయకపోవడమే మంచిది. విశాఖలో అంటే డిసెంబరు, జనవరి నెలలు, లేదా తలుపులు మూసి ఏసీ వేసిన గది. వాన రోజున మాస్టర్ గీరుకోండి.

కుర్సురా ఒంటికి పట్టేది పది గ్రాముల లోపు రెజిన్. ఐదూ ఐదూ గ్రాములు తూస్తే అర గ్రాము తేడా పది శాతం తప్పు. కనుక కనీసం 20 గ్రాములు కలిపి, మిగిలింది పోయడానికి వేరే అచ్చులు పక్కన సిద్ధంగా ఉంచుకోవాలి. పోసే ముందు అచ్చులో ఫేస్ పౌడరు చల్లి దులిపేస్తే రెజిన్ మూలల్లోకి తనంతట తాను పాకుతుంది. ఆశ్చర్యంగా ఉంటుంది కానీ ఖరీదైన వాక్యూమ్ పంపుకన్నా ముందు ఈ పౌడరు ప్రయత్నించాలి. ఒత్తిడి కింద పోత పోయాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక: 40 నుంచి 60 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) తట్టుకునే పెయింటు ప్రెషర్ పాట్ వేరు, వంటింటి కుక్కర్ వేరు. కుక్కర్ 15 పీఎస్ఐ దగ్గరే ఆగాల్సిన పాత్ర. దానికి కంప్రెసర్ తగిలించే వీడియోలు చూసి అనుకరించవద్దు.

తేమతో పడలేమనుకునేవాళ్లకు కీచైన్ల రెజిన్ ఆర్ట్ కోసం ఊళ్లో దొరికే ఎపాక్సీ ఉంది. గట్టిపడటానికి రోజంతా పడుతుంది, నురగ గొడవ లేదు. మబ్బు రోజుల్లో పైన మైనంలాంటి పొర తేరుతుంది. గోరువెచ్చని సబ్బునీళ్లతో కడగకపోతే రంగు నిలవదు.

హార్బరు వైపు ఫైబర్ బోట్ల మరమ్మతుకు వాడే పాలీయెస్టర్ రెజిన్ చవక కాబట్టి చాలామంది దాని జోలికి పోతారు. ఇంత చిన్న పనికి అది తగదు. బాగా కుంచించుకుపోతుంది, గాలి తగిలిన పైభాగం జిగటగా ఉంటుంది, అందులోని స్టైరీన్ సిలికాన్ అచ్చును తొందరగా తినేస్తుంది. వాడే తీరాలనుకుంటే ఒక్కటి గుర్తుంచుకోవాలి. దానితో వచ్చే కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను, ఎంఈకేపీ హార్డనర్‌ను ఎప్పుడూ నేరుగా ఒకదాంట్లో ఒకటి కలపకూడదు. భగ్గున మండుతుంది, పేలొచ్చు కూడా. ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది. ఏ రెజిన్‌కైనా నైట్రైల్ గ్లౌజులు, తెరిచిన కిటికీ లేదా ఎగ్జాస్ట్ ఫ్యాను, గీరేటప్పుడు ఎన్95 మాస్కు, తడి గీరుడు తప్పవు. ఏసీ గదిలో పోసేవాళ్లు పోత పూర్తవగానే కిటికీలు తెరవాలి. ఐసోసయనేట్ ఆవిరి ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఆ తర్వాత కొద్దిగా పీల్చినా ఉబ్బసం వస్తుంది. మీ వ్యాసంలో పిల్లాడు ఒట్టి చేతులతో కప్పు పట్టుకున్న ఫొటో వేశారు. అది వేయకుండా ఉండాల్సింది.

పోత వంగి వస్తే పారేయనక్కర్లేదు. చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లలో నిమిషం ఉంచి, గాజు పలక మీద తిన్నగా నొక్కి, అలాగే చన్నీళ్లలో ముంచితే నిలబడుతుంది. వాసెలిన్ జిడ్డు పోయేలా గిన్నెల సబ్బుతో కడిగి, ప్రైమరు కొట్టి, అప్పుడు రంగు. అచ్చ నలుపు వేస్తే ఇంత చిన్న ఒంటి మీద వివరం ఒక్కటీ కనబడదు, కొంచెం తెలుపు కలపాలి.

ఒకరి కిట్ కొని దానికి అచ్చు తీసి అమ్ముకోవడం దొంగతనం. మార్కెట్లో అలాంటి సరుకు ఉంది. వ్యాసం దాన్ని చవకైన మార్గంగా చెప్పడం బాగాలేదు.

చివరగా, కుర్సురా మ్యూజియాన్ని చూసుకునే విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏకు మీ పత్రిక ద్వారా ఒక వినతి. బీచ్ రోడ్డు దుకాణాల్లో ఎక్కడివో తెరచాప ఓడల బొమ్మలు దొరుకుతాయి, ఎదురుగా నిలబడ్డ జలాంతర్గామి మాత్రం దొరకదు. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా ఇక్కడి సింధియా యార్డులో నీళ్లలోకి దిగిన జల ఉష, స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి ఓడ, అదీ దొరకదు. బొమ్మలు మేమే చేసుకోగలం. మాకు కావాల్సింది ఒక్క కాగితం: కుర్సురా పక్క, పై, ముందు ఆకారాల గీత చిత్రం, ముక్కు నుంచి తోక దాకా పది చోట్ల ఒంటి వెడల్పు, ఎత్తు, గోపురం పొడవు వెడల్పులు, అది ముక్కుకు ఎంత దూరంలో ఉందో ఆ కొలత. మ్యూజియంగా మారి ఇరవై ఏళ్లు దాటిన జలాంతర్గామికి బయటి కొలతల్లో రహస్యం ఉండదనుకుంటున్నాం. టికెట్ కౌంటరు దగ్గర దాన్ని పది రూపాయలకు అమ్మినా కొనేవాళ్లున్నారు.

ఇట్లు,
కొందరు నమూనా ఓడల తయారీదారులు,
విశాఖపట్నం