ఖులాకు భర్త సంతకం ఎందుకు?

సంపాదకుల గారికి,

భార్య ఖులా (తనంతట తాను కోరి తీసుకునే విడాకులు) కోరితే భర్త ఒప్పుకోవాల్సిన పని లేదని, ముఫ్తీ (మత నియమాలపై అభిప్రాయం చెప్పే పండితుడు) ఇచ్చేది సలహా మాత్రమేనని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. కోర్టులు దీన్‌లో (మతంలో) వేలు పెడుతున్నాయని మా వాళ్లే కొందరు అంటుంటే చాలా బాధేసింది.

మా ఖాలా (అమ్మ తోబుట్టువు) కూతురు ఖులా కోసం నాలుగేళ్లుగా జమాత్ (మసీదు సంఘం) పెద్దల చుట్టూ తిరుగుతోంది. ఎప్పుడు వెళ్లినా ఒకటే మాట: "అతను సంతకం పెడితేనే తల్లీ." అతను పెట్టడు. మళ్లీ నికా కూడా చేసుకున్నాడు. ఈ పిల్ల పుట్టింట్లో బట్టలు కుట్టుకుంటూ ఎటూ కాకుండా ఉండిపోయింది. ఒకసారి నేను తోడు వెళ్లాను. తన చేతిలో నికాహ్‌నామా (పెళ్లి ఒప్పంద పత్రం) జిరాక్స్, మడతల దగ్గర చిరిగిపోయింది. అదంతా ఉర్దూలో ఉంది. తనకు ఉర్దూ మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. కింద తన సంతకం ఒక్కటే తెలుగులో ఉంది.

ఖురాన్ రెండో సూరా (అధ్యాయం) 229వ ఆయత్ (వాక్యం) చూడండి. అల్లాహ్ పెట్టిన హద్దుల్లో ఇద్దరూ నిలవలేరన్న భయం ఉంటే, భార్య ఏదైనా ఇచ్చి విడుదల పొందడంలో ఇద్దరికీ తప్పు లేదు. ప్రవక్త (స) సహచరుడు సాబిత్ బిన్ ఖైస్ భార్య సంగతి బుఖారీ హదీసుల్లో (ప్రవక్త మాటలు, చేతల సంకలనంలో) ఉంది. భర్త నడవడిలో గానీ దీన్‌లో గానీ లోపం లేదని ఆమే చెప్పింది. అయినా కలిసి ఉండలేనంది. అతనిచ్చిన తోట తిరిగిచ్చేస్తావా అని ప్రవక్త (స) అడిగారు. ఇస్తానంది. తోట తీసుకుని ఆమెను విడిచిపెట్టమని సాబిత్‌కు చెప్పారు. "నీకు ఇష్టమేనా" అని అతన్ని అడిగినట్టు అందులో లేదు.

భర్త అంగీకారం కావాలన్నది హనఫీ అనే ఇస్లామిక్ న్యాయ సంప్రదాయపు పండితులు చెప్పిన అర్థం. వాళ్ల చదువు మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆయత్ వేరు, దానికి మనుషులు చెప్పిన అర్థం వేరు. హనఫీలే ఎక్కువగా ఉన్న పాకిస్తాన్‌లో, భర్త కాదన్నా కోర్టు ఖులా ఇవ్వవచ్చని అక్కడి సుప్రీంకోర్టు 1967లోనే తేల్చింది.

మెహర్ (పెళ్లిలో భర్త భార్యకు ఇవ్వాల్సిన సొమ్ము) సంగతీ ఇలాగే ఉంది. సంతోషంగా ఇచ్చేయమని నాలుగో సూరాలో ఉంది. ఇవ్వకుండానే ఏళ్లు గడిపేసి, భర్త జనాజా (పాడె) లేచే ముందు ఏడుస్తున్న భార్య దగ్గరికొచ్చి "మెహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా" అంటారు. మా అబ్బా పోయినప్పుడు అమ్మీని అలాగే అడిగారు. నేను పక్కనే ఉన్నాను. ఆ సమయంలో కాదని ఏ ఆడమనిషి అనగలదు?

మన దగ్గర నికా జరిపించే ఖాజీలను నియమించేది ప్రభుత్వమే. అందుకే రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ, వక్ఫ్ బోర్డులనూ అడుగుతున్నాను. నికాహ్‌నామా తెలుగులో కూడా ఉండాలి. మెహర్ ఎంతో, ఎప్పుడిస్తారో, ఖులా హక్కు ఏమిటో అందులో రాయాలి. సంతకానికి ముందు పెళ్లికూతురికి చదివి వినిపించి, ఒక కాపీ ఆమె చేతికే ఇవ్వాలి.

మా ఖాలా కూతురు వచ్చే వారం ఫ్యామిలీ కోర్టుకు వెళ్తోంది. నేనూ సెలవు పెట్టి తోడు వెళ్తున్నాను.

— ఒక ఉపాధ్యాయురాలు, కర్నూలు